పందొమ్మిదిమంది బిడ్డలను కన్న తల్లి: సూసన్నా వెస్లీ

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, 2 తిమోతి 1:3-5



మన గ్రామ సంఘములలోని తల్లులతో మాటలాడునప్పుడు మేము తరచుగా వినుచుండు మాట యొకటి కలదు. తెల్లవారకముందే లేచి, పేడ ఎత్తి, వాకిలి ఊడ్చి, వంట ముగించి, కూలికి పోయి, చీకటి పడిన పిదప ఇల్లు చేరు తల్లికి, నలుగురైదుగురు బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని దేవుని సంగతులు చెప్పుటకు వేళ యెక్కడిది అనునదే ఆ మాట. ఇది వట్టి సాకు అని మేము త్రోసివేయము. ఆ కష్టము నిజమైనదే. కావుననే ఈ నెల అట్టి కష్టమునే, అంతకంటె ఎక్కువగానే, అనుభవించిన యొక తల్లి చరిత్రను మీ యెదుట పెట్టుచున్నాము. ఆమె పేరు సూసన్నా వెస్లీ.

సూసన్నమ్మగారు 1669వ సంవత్సరము జనవరి 20వ తేదీన లండను నగరములో జన్మించిరి. ఆమె తండ్రి శామ్యూల్ ఆన్స్‌లీగారు పేరుపొందిన బోధకులు. 1662లో ప్రభుత్వమువారు విధించిన ఆరాధనక్రమమునకు మనస్సాక్షినిబట్టి ఒప్పుకొనక తమ గురుత్వస్థానమును పోగొట్టుకొనినవారు. ఆ తండ్రికి ఆమె కడగొట్టు బిడ్డ. 1688వ సంవత్సరమున, పందొమ్మిదేండ్ల ప్రాయములో, ఆమె శామ్యూల్ వెస్లీ అను యౌవన గురువును వివాహమాడిరి. 1690ల చివర వారు ఇంగ్లండు తూర్పుభాగములోని ఎప్‌వర్తు అను ఊరికి వచ్చిరి. చుట్టును చిత్తడి నేలలు, పశువులు, పైరులు గల పల్లెపట్టు అది. 1735లో భర్త మరణించువరకు ఆమె కాపురము ఆ ప్రాంతమందే సాగినది.

ఆమె పందొమ్మిదిమంది బిడ్డలను కన్నది. వారిలో తొమ్మిదిమంది పసితనములోనే చనిపోయిరి. ముగ్గురు కుమారులు, ఏడుగురు కుమార్తెలు పెరిగి పెద్దవారైరి. తొమ్మిది మారులు చిన్న సమాధి యొద్ద నిలిచిన తల్లి అని మనము మరువకూడదు. ఆమె క్రమమును, పట్టుదలను చూచి ఆమెకు కన్నీరు లేదని తలంచువారు పొరబడుదురు.

ఇంటిలో ఇబ్బందులు కొదువలేదు. భర్త పండితుడు, కవి, భక్తుడు. కాని డబ్బు లెక్క తెలియనివాడు. అప్పులు ఎన్నడును తీరలేదు. పైగా ఇద్దరును పట్టుదలగలవారు. 1702లో మూడవ విలియం రాజుకొరకు భర్త చేసిన ప్రార్థనకు ఆమె ఆమేన్ అనలేదు. ఆయన న్యాయమైన రాజు కాడని ఆమె నమ్మకము. ఆ మాటపట్టింపువలన భర్త కొన్ని నెలలు ఇల్లు విడిచి వెళ్లెను. ఆ సంవత్సరమే తిరిగి వచ్చి సమాధానపడెను. ఆ సమాధానము తరువాత, 1703లో, పుట్టిన బిడ్డయే జాన్ వెస్లీ. భక్తుల ఇండ్లలోను తగవులు వచ్చును. తగవు తీరిన ఇంటిలో దేవుడు ఏమి పుట్టింపబోవుచున్నాడో మనకు తెలియదు.

1705వ సంవత్సరము ఆ కుటుంబమునకు మహా శ్రమల సంవత్సరము. ఎన్నికలలో గురువుగారు పట్టిన పక్షము ఊరివారికి గిట్టలేదు. వారు రాత్రియెల్ల డప్పులు మ్రోగించి, కేకలు వేసి, తుపాకులు కాల్చిరి. కొద్ది వారముల పసిబిడ్డను ఎదురింటి దాదికి అప్పగించియుండిరి. రాత్రి నిద్రలేక అలసిన ఆ దాది తెల్లవారుజామున ఒడలు తెలియక నిద్రించి, తెలియకయే బిడ్డపై పొర్లెను. బిడ్డ చనిపోయెను. తరువాత కొన్ని దినములకే ఒక అప్పు క్రింద గురువుగారిని లింకను కోటలోని చెరసాలలో వేసిరి. ఆయన చెరలోనుండగా ఎవరో రాత్రివేళ వారి ఆవులను కత్తులతో పొడిచిరి. పిల్లలకు పాలు పోయినవి. సూసన్నమ్మగారు తమ ఉంగరములను తీసి, అమ్ముకొనుమని భర్తకు పంపిరి. ఆయన వాటిని తిరిగి పంపివేసెను. తరువాత యార్కు ఆర్చిబిషపుగారు, ఇంటిలో ఎన్నడైనను రొట్టె లేక యుంటిరా అని ఆమెను అడిగిరి. రొట్టె బొత్తిగా లేని దినము లేదుగాని, దానిని సంపాదించుటకును, తిన్న పిమ్మట దాని వెల చెల్లించుటకును పడిన చింతవలన ఆ రొట్టె చేదైపోయెనని ఆమె ఉన్నది ఉన్నట్లు చెప్పిరి. అప్పు చేసి గింజలు తెచ్చుకొనిన ఇంటివారికి ఈ మాట వివరింపనక్కరలేదు.

ఇట్టి ఇంటిలో ఆమె బిడ్డలను ఎట్లు పెంచిరి? అన్నిటికి వేళ ఏర్పరచిరి. పిల్లలు మూడు పూటలు కూర్చుండి తినవలెను. నడుమ చిరుతిండ్లు లేవు. రాత్రి ఎనిమిది గంటలకు పడుకొనవలెను. మాటలు వచ్చిన వెంటనే ప్రభువు ప్రార్థన నేర్చుకొని, లేచినప్పుడును పండుకొనునప్పుడును చెప్పవలెను. పనివారిని సహితము మర్యాదగా అడిగిననే ఏదైనను దొరకును. దైవనామమును వ్యర్థముగా ఉచ్చరించుట, ఒకరినొకరు అగౌరవముగా పిలుచుట ఆ ఇంట వినబడలేదు.

బిడ్డకు అయిదేండ్లు నిండిన మరునాడే చదువు మొదలు. ఆ దినము తల్లి వేరే పని పెట్టుకొనక, ఆ బిడ్డతోనే కూర్చుండి అక్షరములన్నియు నేర్పును. దాదాపు అందరును ఒక్క దినములోనే నేర్చిరి. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రము దినమున్నర పట్టెను. ఆ ఆలస్యమునుబట్టి వారు మందబుద్ధులని ఆమె మొదట తలంచినను, ఆ తలంపు సరికాదని పిమ్మట ఒప్పుకొనిరి. అక్షరముల తరువాత ఆదికాండము మొదటి అధ్యాయమే వారి వాచకము. ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండువరకు, మధ్యాహ్నము రెండు మొదలు అయిదువరకు ఆ ఇల్లే పాఠశాల. ఈ పని సుమారు ఇరువది సంవత్సరములు సాగెను.

ఆడపిల్లలను గూర్చి ఆమె పెట్టిన నియమమును మనము ప్రత్యేకముగా గమనింపవలెను. చక్కగా చదువ నేర్చువరకు ఏ ఆడపిల్లకును కుట్టుపని నేర్పకూడదు. పని ముందు పెట్టి చదువు వెనుకకు నెట్టుటచేతనే అనేక స్త్రీలకు చదువు రాక పోవుచున్నదని ఆమె కనిపెట్టిరి. మూడువందల ఏండ్ల క్రిందటి ఈ మాట, చెల్లెలిని ఎత్తుకొనుటకై పెద్దపిల్లను బడి మాన్పించు మన ఇండ్లకు నేటికిని తగిలియున్నది.

శిక్ష విషయములో ఆమె కఠినురాలే. బిడ్డ మొండితనమును చిన్ననాడే అణచవలెనని ఆమె నమ్మి బెత్తమును వాడిరి. ఆమె చేసిన ప్రతి పనిని మేము మాదిరిగా చూపుట లేదు. పసిబిడ్డను కొట్టుటలో మేలు లేదని మేము తలంచుచున్నాము. కాని శిక్షకు ఆమె పెట్టిన హద్దులు చూడుడి. తప్పును ఒప్పుకొని మానుకొందునని చెప్పిన బిడ్డను కొట్టకూడదు; ఏలయనగా భయమే అబద్ధమునకు తల్లి. ఒక తప్పునకు రెండు మారులు శిక్షింపకూడదు, తరువాత దానిని ఎత్తి దెప్పకూడదు. మంచి మనస్సుతో చేసిన పని సరిగా కుదరకపోయినను మెచ్చుకొనవలెను. ఇచ్చిన మాట తప్పకూడదు. ఒకరి వస్తువు, అది గుండుసూది యైనను, మరియొకరు ముట్టకూడదు. కోపము వచ్చినప్పుడు కొట్టి, కోపము లేనప్పుడు విడిచిపెట్టు తలిదండ్రులమైన మనకు ఇందులో పాఠము కలదు.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఇంటికి నిప్పంటుకొనెను. సూసన్నమ్మగారు అప్పుడు నిండు గర్భిణి. మంటల నడుమనుండియే ముఖమును చేతులును కమిలి బయటికి వచ్చిరి. పిల్లలను లెక్కింపగా అయిదేండ్ల జాన్ లేడు. తండ్రి మెట్లు ఎక్కలేక మోకాళ్లూని బిడ్డ ఆత్మను దేవునికి అప్పగించెను. అంతలో బిడ్డ మేడ కిటికీలో కనబడెను. నిచ్చెనకు వేళ లేదు. ఒకని భుజములమీద మరియొకడు ఎక్కి బిడ్డను లాగినంతనే ఇంటికప్పు లోపలికి కూలెను. ఇల్లు, పుస్తకములు, బట్టలు అన్నియు పోయెను. బిడ్డలందరు దక్కిరి.

ఆ తరువాత ఇల్లు కట్టుకొనువరకు పిల్లలు తలా యొక ఇంట చెదరియుండిరి. తిరిగి కూడినప్పుడు వారి మాట మారెను, ఆట మారెను, విశ్రాంతిదినపు భయభక్తులు పోయెను. సంవత్సరముల కష్టము నెలలలో చెడిపోవుట చూచియు ఆమె చేతులు ముడుచుకొనలేదు. మరల మొదటినుండి ఆరంభించిరి. పాఠశాల ప్రారంభమునను ముగింపునను కీర్తన పాడుట, పెద్దబిడ్డ చిన్నబిడ్డను దగ్గర పెట్టుకొని వాక్యము చదివి వినిపించుట అప్పుడు ఏర్పరచిన క్రమములే.

ఇక మన దక్షిణదేశమునకు సంబంధించిన సంగతి యొకటి చెప్పవలెను. 1706లో డెన్మార్కు రాజుగారు పంపిన జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను మిషనెరీలు తమిళదేశములోని తరంగంబాడిలో దిగిరి. వారి పనిని గూర్చిన పుస్తకము ఎప్‌వర్తు ఇంటికి చేరెను. పెద్దకుమార్తె ఎమిలీ దానిని తండ్రి గదిలో కనుగొనెను. అది విని సూసన్నమ్మగారి హృదయము మండెను. సముద్రము దాటి పోవుట తనవలన కాదుగదా, ఇంటిలోని ఆత్మలకే మరి యెక్కువ చేయుదునని ఆమె తీర్మానించిరి. వారములో ఒక్కొక సాయంకాలము ఒక్కొక బిడ్డకు ప్రత్యేకించిరి. సోమవారము మోలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాన్, శుక్రవారము పాటీ, శనివారము చార్లెస్, ఆదివారము ఎమిలీయు సూకీయు. ఆ వేళ ఆ బిడ్డ మనస్సులోని భయమును, సందేహమును, ఆశను తల్లి వినును. జాన్ పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడైన పిమ్మటను, ఆ గురువారపు వేళలో కొంచెమైనను తనకొరకు ఇంకను ఉంచుమని తల్లికి వ్రాసెను. తరంగంబాడి మిషను పనివాడైన బెంజమిన్ షుల్జ్‌గారే తరువాత చెన్నపట్టణమందు బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసిరి; అది అచ్చు కాలేదు. మన ప్రక్క తీరమున వెలిగిన దీపము అంత దూరపు వంటింటిని వెలిగించెనని తలంచినప్పుడు మేము దేవుని స్తుతించుచున్నాము.

ఆ దినములలోనే, 1711-12 శీతకాలమున, భర్త లండనులోనుండగా ఆమె ఆదివారము సాయంకాలము బిడ్డలకును పనివారికిని ప్రసంగము చదివి ప్రార్థన చేయుచుండిరి. ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుండిరి. క్రమముగా రెండువందలమందివరకు కూడిరి. స్త్రీ యిట్లు చేయుట తగదని ఉపగురువు ఫిర్యాదు చేయగా, మానుమని భర్త వ్రాసెను. మానుట మీకు నిజముగా మంచిదని తోచినయెడల స్పష్టముగా ఆజ్ఞాపించుడి, అప్పుడు ఆ ఆత్మలను గూర్చి తీర్పుదినమున లెక్క చెప్పవలసినవారు మీరే అని అర్థమిచ్చునట్లు ఆమె జవాబు వ్రాసిరి. ఆయన మరి ఆజ్ఞ ఇయ్యలేదు.

ఇంత చేసినను బిడ్డలందరి జీవితములు సుఖముగా సాగలేదు. కుమార్తెలలో పలువురి వివాహములు కన్నీటితో నిండెను. అందరిలో మిక్కిలి తెలివిగల హెట్టీ 1725లో తప్పిపోయి, ఇష్టములేని వివాహములో పడెను. తండ్రి ఆమెను క్షమింపలేకపోయెను. తమ్ముడు జాన్ 1726లో, పాపము చేసినవారియెడల ప్రేమ చూపవలెనని తండ్రి యెదుటనే ప్రసంగించి ఆయన కోపమునకు గురియయ్యెను. దీనిని మేము దాచుట లేదు. మంచి క్రమము బిడ్డలను గూర్చిన పూచీకత్తు కాదు. తప్పిపోయిన బిడ్డకు తలుపు తెరచియుంచుట కూడ పెంపకములో భాగమే. ఆ విషయములో తండ్రికంటె చిన్నవాడే సువార్తకు దగ్గరగా నుండెను.

1735లో విధవరాలైన సూసన్నమ్మగారిని, అమెరికాలోని జార్జియాకు పోవచ్చునా అని జాన్, చార్లెస్ అడిగిరి. ఇరువదిమంది కుమారులున్నను, మరల వారి ముఖము చూడకపోయినను, అందరు అట్టి పనికే పోవుట తనకు సంతోషమని ఆమె చెప్పిరి. చివరి దినములు లండనులో జాన్ యొద్ద గడిపి, 1742 జూలైలో ప్రభువునందు నిద్రించిరి. తన ప్రాణము విడువబడినప్పుడు దేవుని స్తుతించు కీర్తన పాడుమని ఆమె కోరగా, బిడ్డలు మంచము చుట్టు నిలిచి అట్లే పాడిరి.

జాన్ గుఱ్ఱముమీద దేశమంతట తిరిగి సువార్త ప్రకటించెను. చార్లెస్ ఆరువేలకు పైగా కీర్తనలు వ్రాసెను. వారి వెనుక పుట్టిన వెస్లియన్ సంఘమువారు 1879లో హైదరాబాదుకు వచ్చి పని ప్రారంభించిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము వారి పని ఫలమే. ఎప్‌వర్తు వంటింటిలో అక్షరములు దిద్దించిన చేయి ఎంతదూరము చాచబడెనో చూడుడి.

తల్లులారా, తండ్రులారా, మీకు పెద్ద ఇల్లు లేకపోవచ్చును, చదువు లేకపోవచ్చును. అయితే వారములో ఒక సాయంకాలము ఒక బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, గింజలు ఏరుచునైనను, వాని మాట వినుట మీకు సాధ్యమే. తండ్రులు ఈ భారమును తల్లిమీదనే వేసి అరుగుమీద కూర్చుండకుందురుగాక. ఈ వారము ఏ బిడ్డతో మొదలుపెట్టుదుమో నేటి రాత్రియే తీర్మానించుకొందము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీవు మా కిచ్చిన బిడ్డలను నీకొరకు పెంచుటకు మాకు ఓర్పును, వేళను, ప్రేమను దయచేయుము. తప్పిపోయినవారికి తలుపు తెరచు మనస్సు ననుగ్రహించుము. బిడ్డను పోగొట్టుకొని దుఃఖించు తల్లులను ఆదరించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.