దేశోద్ధారకుని పత్రిక – యుద్ధకాలపు సంచికలు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగా, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని ఎంచుకున్నాను. కారణం మీలో కొందరికి తెలుసు. యుద్ధవార్తలున్న పాత పత్రికలు పోగుచేసే పిచ్చి నాకుంది. 1971 డిసెంబరులో మన తీరానికి ఎదురుగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పటి పత్రికలను ట్రంకు పెట్టెలో దాచడంతో అది మొదలైంది. అలా వెనక్కి వెనక్కి పోయి 1914 నాటి ఆంధ్రపత్రిక దగ్గర తేలాను. అంటే పంతులు గారి గుమ్మంలోనే.

వారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, బతుకుతెరువు కోసం కలకత్తా, బొంబాయి వెళ్లారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేశారు. మొదట్లో సంగీత కచేరీలలో ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారట. ఆ పచ్చసీసా ఎరుగని పింఛనుదారు ఇంట ఉంటారా?

డబ్బు చేరింది. ఇంకొకరైతే మేడలు కట్టి ఊరుకునేవారు. పంతులు గారు 1907లో సూరత్ కాంగ్రెసు చూసి వచ్చి, తెలుగువారికి తమ భాషలో గట్టి పత్రిక ఉండాలనుకున్నారు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తర్వాత మద్రాసుకు మార్చి, 1914 ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు.

దినపత్రికకు నాలుగు నెలలు నిండాయో లేదో, ఆగస్టులో ఐరోపా యుద్ధం వచ్చిపడింది. సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. ఊళ్లో జనం మూటాముల్లె సర్దుకుని పరుగులు తీశారు. పత్రిక అచ్చవుతున్న ఊరి మీదికే యుద్ధం వచ్చిందన్నమాట.

ఆ రోజుల్లో యుద్ధవార్త తంతి మీద ఇంగ్లీషులో వచ్చేది. దాన్ని అప్పటికప్పుడు తెలుగు చేయాలి, ఒక్కొక్క అక్షరం చేత్తో కూర్చాలి, రైలు వేళకు అందించాలి. ఆఫీసులో ఒక్క సర్క్యులరు తెలుగు చేయడానికే అమృతాంజనం రాసుకున్న వాళ్లం మనం! పైగా 1910 ప్రెస్ చట్టం ప్రకారం సర్కారు ధరావతు కట్టమనవచ్చు. రాత నచ్చకపోతే దాన్ని జప్తు చేయవచ్చు. 1915లో భారత రక్షణ చట్టం కూడా వచ్చింది. ఒక్క మాట జారితే ప్రెస్సే పోయే కాలం. అటువంటి నాలుగేళ్లూ పంతులు గారు పత్రిక ఆపలేదు. సముద్రాలు దాటి యుద్ధానికి వెళ్లిన భారతీయులు పది లక్షలకు పైమాటే. వారి ఊళ్లలో ఇంగ్లీషు చదివేవారెందరు? ఒకరు చదువుతుంటే పదిమంది వినే తెలుగు పత్రిక విలువ అక్కడే ఉంది.

ఆ యుద్ధకాలపు సంచికలు నా దగ్గర ఏడే ఉన్నాయి. వన్ టౌన్‌లో ఒక పాత కాగితాల కొట్టులో తూకానికి దొరికాయి. మడత విప్పితే అప్పడంలా విరుగుతాయి. అందుకే మడతలు పెట్టకుండా నూలుగుడ్డలో చుట్టి, అట్టల మధ్య ఉంచుతాను. అతుకు టేపు మాత్రం తగిలించను. అది కాగితాన్ని తినేస్తుంది.

తరువాతి సంగతులు మీరెరిగినవే. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకూ వెళ్లారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది మద్రాసులోని వారి ఇంట్లోనే. 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు.

రెండో యుద్ధం వారు చూడలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన రేవు మీద బాంబులు వేసేనాటికి పత్రికను అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు నడుపుతున్నారు. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. మా నాన్నగారు బళ్లు కట్టించి ఇంటిల్లిపాదినీ పల్లెకు చేర్చారు. సెన్సారు వల్ల పత్రికలో అన్నీ రాకపోయినా, పుకార్ల మధ్య అదే ఆధారంగా ఉండేదని ఆయన చెప్పేవారు. ఆ నెల సంచిక నాకింతవరకు దొరకలేదు.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. ప్రెస్ అకాడమీ వారు చాలా సంచికలు కంప్యూటరుకెక్కించారు. అయినా మీ అటక మీద తాతగారి పెట్టె ఏదైనా ఉంటే, పాతసామాన్ల వాడికి వేసేముందు సంఘం ఆఫీసుకు కబురంపండి. నేనే వచ్చి చూసుకుంటాను.