పత్తికొండలో మన్రో దొర చివరి పగలు

దత్తమండలాలలో ఒకప్పుడు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేవారు. పరదేశి కలెక్టరు పేరును రాయలసీమ రైతు తన బిడ్డకు పెట్టుకొనడం సామాన్యమైన సంగతి కాదు. ఆ సర్ థామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన, నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో, ఒక్క పగటి వ్యాధితో కన్నుమూసినాడు. ప్రాణభయం ఎదుట నిలిచినప్పుడు మనిషి బుద్ధి ఏమవుతుందో తెలుసుకొనడానికి ఆ పగలు చూడదగినది.

1761లో గ్లాస్గోలో పుట్టిన మన్రో సైనికుడుగా మద్రాసు చేరినాడు. 1800లో నిజాం కడప, బళ్ళారి సీమలను కంపెనీకి వదలినప్పుడు వాటికి ప్రధాన కలెక్టరైనాడు. (కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉన్నది.) సుమారు ఎనభైమంది పాలెగాండ్రు, చూడబోతే అన్నీ మెట్టనేలలు. ఏడేండ్లు ఆయన కాపురం డేరాలలోనే. ఎదుటివాని కష్టం వినడం నిత్యకృత్యమైపోయినది. 1807లో వెళ్ళిపోతూ, శిస్తు నాలుగవ వంతు తగ్గించవలెనని పైవారికి వ్రాసినాడు.

1820లో మద్రాసు గవర్నరైనాడు. 1826లో భార్య బిడ్డను వెంటబెట్టుకొని ఇంగ్లండు వెళ్ళినది. తానూ పదవి విడువగోరినాడు గాని, క్రొత్త గవర్నరు రాక ఆలస్యమైనది. ఆ వ్యవధిలో పాత సీమను కడసారి చూచి రావలెనని 1827 మే చివర బయలుదేరినాడు. ఆ ప్రాంతంలో అప్పటికే కలరా ఉన్నది. గుత్తి మజిలీలో వెంట ఉన్నవారికీ సోకినది. అయినా ప్రయాణం మానలేదు. ఇందుకు ఆయనను మెచ్చుకొనలేము. జంకు ఎరుగనివాడు ప్రమాదాన్ని తక్కువగా అంచనా కట్టడమూ కద్దు.

పత్తికొండ చేరిన ఉదయం, కలెక్టరుతో రాచకార్యాలు మాట్లాడుతుండగానే వ్యాధి పట్టుకొన్నది.

ఆకస్మిక భయంలో ఒంట్లో ఆడ్రినలిన్, దాని వెనుకనే కార్టిసాల్ హెచ్చుతవి. గుండె వడివడిగా కొట్టుకొంటుంది. తర్కించి తూచే మెదడు ముందుభాగం పట్టు సడలుతుంది. మనస్సంతా ఆ ఒక్క ప్రమాదంమీదనే బిగిసిపోతుంది. అప్పుడు క్రొత్త ఆలోచన పుట్టడం కష్టం. ఏండ్ల తరబడి చేసిన అలవాటే ముందుకు వచ్చి మనిషిని నడుపుతుంది. అందుకే కొందరు పారిపోతారు, కొందరు కొయ్యబారిపోతారు.

మన్రోలో ముందుకు వచ్చినది డేరాలనాటి అలవాటు. వ్యాధి సోకిన గదిలో తనకోసం మరొకరు ఉండరాదని, దగ్గరివారిని వెళ్ళిపొమ్మని పలుమార్లు చెప్పినాడు. వారు కదలలేదు. మధ్యాహ్నానికి కొంత తేరుకొన్నట్లు కనిపించినా, మూడు దాటిన పిమ్మట నీరసించిపోయినాడు. తన గొంతు సన్నగిల్లుతున్నదనీ, చెవులు మాత్రం బాధ కలిగేటంత చురుకైనవనీ తానే గమనించి చెప్పినాడు. కలరాలో ఒళ్ళు ఎండిపోతున్నా తెలివి చాలసేపు నిలుస్తుంది. కనుక ఈ నిబ్బరమంతా గుణబలమే అనరాదు. ఆ మిగిలిన తెలివిని ఎవరికొరకు వెచ్చించినాడన్నదే ఆయన సొంతం. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయినది.

జనం మాత్రం వేరే కారణం చెప్పుకొన్నారు. కడప జిల్లా గండి క్షేత్రంలో, పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చేచోట, మన్రోకు బంగారు తోరణం కనిపించినదట. దానిని చూచినవారు ఎంతోకాలం బ్రతకరట.

మరునాడు గుత్తిలో సమాధి చేసినారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించినారు. ఆయన జ్ఞాపకార్థం పత్తికొండలో ప్రభుత్వం మెట్లబావి ఒకటి త్రవ్వించి, ప్రక్కన తోపు నాటించినది.