చందమామ పేజీలో రెండు పేర్లు

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను రాసేవల్లా ఎస్టిమేట్లు, కొలతల పుస్తకాలు. మూడోసారి చేసేసరికి మొహమాటపడి ఒప్పుకున్నాను. మన బడి గురించీ, మన మాస్టార్ల గురించీ నాకంటే బాగా రాసేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. అందుకని మనకి బస్సులో అరగంట దూరంలో, తెనాలి ఐతానగర్లో పుట్టిన చక్రపాణి గారి గురించి రాస్తున్నాను.

మన ఊరి లైబ్రరీలో చందమామ కోసం కాచుక్కూర్చున్న బ్యాచ్ మాది. మేము హైస్కూల్లోకి వచ్చేనాటికే ఆయన పోయి కొన్నేళ్ళయింది. అయినా పత్రిక లోపలి పేజీలో సంస్థాపకుడుగా చక్రపాణి పేరు, సంచాలకుడుగా నాగిరెడ్డి పేరు నెలనెలా కనిపించేవి. నేనూ, నా బెంచీ మిత్రుడూ ఒకే పుస్తకాన్ని చెరోవైపు పట్టుకుని చదివేవాళ్ళం. వాడికి ముందు బేతాళ కథ కావాలి, నాకు సీరియల్. దానికోసం కొట్టుకున్న రోజులున్నాయి. ఆ పేర్లు రెండూ అన్నదమ్ములవని చాలాకాలం అనుకున్నాం.

చక్రపాణి గారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. పుట్టింది 1908 ఆగస్టు 5న. జాతీయోద్యమం రోజుల్లో హిందీ మీద మనసు పడి వ్రజనందన శర్మ గారి దగ్గర నేర్చుకున్నారు. చక్రపాణి అన్న పేరు పెట్టింది ఆ గురువుగారే. 1932లో క్షయ వచ్చింది. అప్పటికి దానికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి ఇంకా పదేళ్ళ పైన ఉంది. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం, ఇదే వైద్యం. మదనపల్లె దగ్గర క్రైస్తవ మిషనరీలు నడిపే శానిటోరియంలో చేరారు. బతుకుతామో లేదో తెలియని మంచం మీద, పక్కనున్న బెంగాలీ రోగి దగ్గర ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు సిగ్గేసింది. నాకు కిందటేడు స్టెంట్ వేసినప్పుడు ఆస్పత్రిలో నాలుగు రోజులూ సెల్‌ఫోన్ చూస్తూ గడిపాను.

ఆ బెంగాలీతోనే శరత్‌చంద్రుడి నవలలు తెలుగులోకి తెచ్చారు. అవి ఎంత తెలుగుగా ఉన్నాయంటే శరత్ మన తెలుగువాడేనని నమ్మినవాళ్ళున్నారు. తెనాలి నుంచే కొడవటిగంటి కుటుంబరావు గారితో కలిసి 'యువ' పత్రిక నడిపారు. ఆ తర్వాత సినిమా పనిమీద మద్రాసు. పుస్తకాల అచ్చు కోసం వెళ్ళిన బి.ఎన్.కె. ప్రెస్సులో బొమ్మిరెడ్డి నాగిరెడ్డి గారితో స్నేహం కుదిరింది. చక్రపాణి గారికి అప్పటికి నలభై దగ్గరపడుతున్నాయి. నాగిరెడ్డి గారు నాలుగేళ్ళు చిన్న. ఒకరిది తెనాలి, ఇంకొకరిది కడప జిల్లా పొట్టింపాడు. చుట్టరికం లేదు, ఒక ఊరు కాదు, ఒక కులం కాదు. చిన్నప్పుడు కుదిరిన స్నేహంలో లాభనష్టాల లెక్క ఉండదు. నలభై ఏళ్ళ మనిషికి పెళ్ళాం బిడ్డలు, అప్పులు, అహం అన్నీ ఉంటాయి. అవన్నీ పెట్టుకుని వాళ్ళు కలిశారు.

1947 జూలైలో చందమామ వచ్చింది. తెలుగు, తమిళాలతో మొదలై పన్నెండు భాషలు దాటింది. 1950లో విజయా వారి మొదటి సినిమా 'షావుకారు'. కథా, మాటలూ చక్రపాణి గారివే. పక్కపక్క ఇళ్ళ రెండు కుటుంబాలు, ఒకే ఇల్లులా మెలిగినవాళ్ళు, డబ్బు దగ్గరా మాట దగ్గరా పట్టింపుకి పోయి పగవాళ్ళయి, మళ్ళీ కలుస్తారు. సినిమా అప్పట్లో పెద్దగా ఆడలేదు. నాకు మాత్రం 'పాతాళభైరవి' కన్నా అదే ఎక్కువ. ఆ గొడవ ఎలా పెరుగుతుందో చూపించిన తీరు, మన ఊళ్ళో గట్టు తగాదా చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

'మిస్సమ్మ' 1955 జనవరిలో వచ్చింది. బడి చుట్టూ తిరిగే కథ కాబట్టి టీచర్లందరికీ ఇష్టం. భార్యాభర్తలైన టీచర్లే కావాలని జమీందారు ప్రకటన ఇస్తే, ఉద్యోగం లేని హిందూ కుర్రాడూ, అప్పు తీర్చాల్సిన క్రైస్తవ పిల్లా దంపతులమని అబద్ధమాడి చేరతారు. ఇంట్లో పూజలూ బొట్టూ చూసి మేరీ విసుక్కుంటుంది, ఆ ఇంటివాళ్ళు ఆమెని కూతురిలా చూసుకుంటారు. మతం గురించి ఒక్క ఉపన్యాసం లేదు. క్రైస్తవుల ఆస్పత్రి మంచం మీద నెలల తరబడి పడుకుని లేచిన మనిషి కనకనే మేరీని అంత చనువుగా తయారు చేశారేమో అనిపిస్తుంది నాకు.

అదే సినిమాకి మొదట తీసుకున్నది భానుమతి గారిని. వరలక్ష్మీ వ్రతం చేసుకుని షూటింగుకి ఆలస్యంగా వచ్చారని మాటా మాటా పెరిగింది. క్షమాపణ రాయమన్నారు చక్రపాణి గారు, రాయనన్నారు ఆవిడ. తీసిన నాలుగు రీళ్ళు పక్కన పారేసి, చిర్రావూరు పిల్ల సావిత్రిని పెట్టారు. సినిమాకి మేలే జరిగింది, సరే. కానీ ఇంట్లో వ్రతం చేసుకున్న మనిషి దగ్గర అంత పట్టుదల అవసరమా? సైటు మీద అరగంట ఆలస్యమైతే కాంక్రీటు ఏమవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి ఆయన కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఒక్కచోట నా ఓటు భానుమతి గారికే.

ఇంకో విచిత్రం. చందమామలో దేవుళ్ళ కథలూ దయ్యాల కథలూ 1952 నుంచి 1980 దాకా తీర్చిదిద్దింది మార్క్సిస్టు అయిన కుటుంబరావు గారు. అచ్చువేయించిన నాగిరెడ్డి గారేమో తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానాల అధ్యక్షులయ్యారు. ఈ ఇద్దరితోనూ చక్రపాణి గారు ఏళ్ళ తరబడి పని చేశారు, ఎవరి నమ్మకం వారిది.

'గుండమ్మ కథ' 1962 జూన్‌లో వచ్చేనాటికి ఆయనకి యాభై మూడు నిండాయి. ఇప్పుడు నా వయసూ అంతే. ఆ సినిమాలో కత్తులూ లేవు, హత్యలూ లేవు. ఒక అత్త, ఒక సవతి కూతురు, వంటింటి పొగ. కథ కన్నడం నుంచి తెచ్చుకున్నదే అయినా, గుండమ్మ లాంటి మనిషి మన వీధి వీధికీ ఒకరుంటారు. 1975 సెప్టెంబర్ 24న ఆయన పోయారు. చేతిలో ఉన్న 'శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్' బాపు గారు పూర్తి చేశారు. ఆయన పోయాక కూడా పత్రికలో ఆ పేరు నాగిరెడ్డి గారి పేరు పక్కనే ఉండిపోయింది.

ఇక మా సంగతి. నాతో పుస్తకం పట్టుకుని చదివినవాడిది చర్చి వెనక వీధి. క్రిస్మస్‌కి వాళ్ళమ్మగారు పెట్టిన గారెలు మా నాయనమ్మకి తెలియకుండా తిని వచ్చేవాణ్ణి. మా అమ్మకి తెలుసు, అయినా మాట్లాడేది కాదు. పైగా సంక్రాంతి అరిసెలు కాగితంలో చుట్టి పంపేది. పెద్దయ్యాక ఇద్దరం కలిసి గుంటూరులో కాంట్రాక్టు పనులు మొదలుపెట్టాం. తొమ్మిదేళ్ళు బాగానే సాగింది. ఒక బిల్లు దగ్గర తేడా వచ్చింది. లెక్క తప్పింది నాదే. అది నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది, తెలిసినా చెప్పలేదు. పదహారేళ్ళు మాటల్లేవు. వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు కూడా సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

ఈ వ్యాసం కోసం మొన్న 'షావుకారు' మళ్ళీ చూశాను. సగంలో ఆపేశాను. కమిటీ వాళ్ళు పంపిన మా బ్యాచ్ జాబితాలో వాడి నంబరు ఉంది. రాత్రి తొమ్మిదింటికి చేశాను. నా గొంతు గుర్తుపట్టి కాసేపు ఊరుకున్నాడు. ముందు బిల్లు సంగతి చెప్పాను. ఆ విషయం వాడికి అప్పుడే తెలుసట. ఆ తర్వాత గుండెకేదో అయిందట కదా అని అడిగాడు.

సమావేశం రోజు వాళ్ళమ్మగారిని కూడా తీసుకొస్తానన్నాడు. ఆవిడకి ఎనభై దాటాయి, పళ్ళు లేవు. అరిసెలు కొంచెం మెత్తగా రావాలని మా ఆవిడ లేత పాకం పట్టిస్తానంటోంది.