ఇద్దత్ రోజుల్లో ఒక ఉత్తరం: సెనెగల్ రచయిత్రి మరియామా బా జీవితం

ఆఫ్రికా ఖండానికి పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న దేశం సెనెగల్. జనాభాలో 90 శాతానికి పైగా ముస్లింలే. చాలాకాలం ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండి 1960లో స్వాతంత్ర్యం పొందింది. ఆ దేశపు తొలి అధ్యక్షుడు లియోపోల్డ్ సెంఘోర్ స్వయంగా పెద్ద కవి. సెంబెన్ ఉస్మాన్, బిరాగో డియోప్ లాంటి రచయితల పేర్లు దేశం దాటి వినిపించాయి. అయితే అక్కడి ముస్లిం ఇంట్లో ఆడవాళ్లు ఏం అనుకుంటున్నారో, ఏం భరిస్తున్నారో లోపలి నుంచి చెప్పి ప్రపంచం చేత చదివించిన పేరు మరియామా బా. ఆమె రాసిన నవలలు రెండే. మొదటిది అచ్చయ్యేనాటికి ఆమె వయసు 50 ఏళ్లు. ఆ తర్వాత రెండేళ్లకే కన్నుమూసింది.

మరియామా 1929లో డాకర్ నగరంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది. నమాజు, రోజా, పెద్దల మాట, ఇంటినిండా బంధువులు... పాతకాలపు కట్టుబాట్లున్న దీన్‌దారీ కుటుంబం అది. ఆడపిల్లకు వంటపని, ఇంటిపని రావాలి, ఖుర్ఆన్ చదవడం రావాలి, ఆపైన బడి ఎందుకు అన్నది ఆ పెద్దల ఆలోచన. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అదే మాట.

తండ్రి మాత్రం వేరేగా ఆలోచించాడు. ఆయన ప్రభుత్వ ఉద్యోగి. 1950లలో సెనెగల్ ఆరోగ్య మంత్రి కూడా అయ్యాడు. కూతురు ఫ్రెంచి బడికి వెళ్లాల్సిందేనని పట్టుబట్టాడు. అలా ఆ పిల్లకు రెండు చదువులూ దొరికాయి. బడి రోజుల్లో ఫ్రెంచి పాఠాలు, సెలవుల్లో మదర్సాలో ఖుర్ఆన్. ఈ రెండు చదువులూ తర్వాత ఆమె నవలలో పక్కపక్కనే కనిపిస్తాయి.

ప్రాథమిక చదువు అయ్యాక ఇక చాలన్న మాట మళ్లీ వచ్చింది. అప్పుడు బడి ప్రధానోపాధ్యాయురాలు అడ్డుపడి, రూఫిస్క్ పట్టణంలోని ఆడపిల్లల టీచర్ ట్రైనింగ్ స్కూలు ప్రవేశ పరీక్షకు ఆమెను సిద్ధం చేసింది. 1943లో జరిగిన ఆ పరీక్షలో మరియామా మొత్తం ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికాలోనే మొదటి స్థానంలో నిలిచింది. అంటే సెనెగల్ ఒక్కటే కాదు, నేటి మాలి, గినియా, ఐవరీ కోస్ట్, నైజర్, బెనిన్ దేశాల ప్రాంతాలన్నీ కలిపి. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. ఆ మార్కులు చూశాక ఇంట్లో పెద్దలు కూడా కాదనలేకపోయారు.

1947లో టీచర్ సర్టిఫికెట్ వచ్చింది. 12 ఏళ్ల పాటు పాఠాలు చెప్పింది. తర్వాత ఆరోగ్యం సహకరించక విద్యాశాఖ తనిఖీ కార్యాలయానికి బదిలీ అయింది. రాజకీయాల్లో ఉన్న ఓబెయ్ డియోప్‌ను పెళ్లాడింది. 9 మంది పిల్లలు. ఆ కాపురం చివరికి విడాకులతో ముగిసింది. ఉద్యోగం, పిల్లల బాధ్యత, అనారోగ్యం, వీటి మధ్యే మహిళా సంఘాల్లో పనిచేసింది. ఆడపిల్లల చదువు గురించి, కుటుంబంలో స్త్రీ హక్కుల గురించి సభల్లో మాట్లాడింది.

అప్పట్లో సెనెగల్‌లో ఇది వేడి చర్చ. 1972లో ప్రభుత్వం కొత్త కుటుంబ చట్టం తెచ్చింది. ఒక్క భార్యతోనే ఉంటాడా, మరో పెళ్లికి వీలు ఉంచుకుంటాడా అన్నది వరుడు ముందుగానే చెప్పి రికార్డు చేయించాలని అందులో రాశారు. చట్టం ఒకటి చెప్తే, ఇళ్లలో జరిగేది ఇంకొకటి. ఆ తేడా మీదే మరియామా కలం పెట్టింది.

1979లో డాకర్‌లోనే ఒక ప్రచురణ సంస్థ ఆమె మొదటి నవలను ఫ్రెంచిలో అచ్చేసింది. దాని పేరును తెలుగులో చెప్పుకుంటే 'ఇంత పెద్ద ఉత్తరం'. కథ చెప్పే స్త్రీ పేరు రమతులాయ్. మన రహ్మతుల్లా పేరే అక్కడ అలా పలుకుతారు, ఆడవాళ్లకు పెడతారు. ఆమె టీచర్, 12 మంది పిల్లల తల్లి. భర్త మోదు గుండెపోటుతో చనిపోయాడు. ఆమె ఇద్దత్‌లో కూర్చుంది. ఆ 4 నెలల 10 రోజుల్లో, అమెరికాలో ఉంటున్న చిన్ననాటి స్నేహితురాలు ఐసాతుకు, అంటే ఆయెషాకు, రాసుకున్న ఉత్తరమే నవల మొత్తం.

ఇద్దత్ అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. బయటివాళ్లు దాన్ని గోడల మధ్య నిర్బంధంగా చూస్తారేమో. మరియామా మాత్రం ఆ గడువును ఒక ఆడమనిషి మొదటిసారి తీరిగ్గా కూర్చుని తన 30 ఏళ్ల జీవితాన్ని లెక్క చూసుకునే సమయంగా మార్చింది.

ఆ లెక్కలో చేదు చాలా ఉంది. పాతికేళ్ల కాపురం తర్వాత మోదు రెండో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు అతని పెద్దకూతురి స్నేహితురాలే. ఆ సంగతి భార్యతో తాను చెప్పలేదు. పెళ్లయిన రోజే ఇమామ్‌ను, అన్నను, ఒక మిత్రుడిని ఇంటికి పంపించాడు. వచ్చినవాళ్లు ఇదంతా అల్లాహ్ రాసిన రాత అన్నట్టు చెప్పి, ఆమె పెట్టిన మర్యాదలు అందుకుని వెళ్లిపోయారు. ఆ పెళ్లికోసం పిల్లను బడి మాన్పించారు. ఆ చిన్న పిల్లను కూడా మరియామా విలన్‌ని చేయలేదు. డబ్బు కోసం తల్లే బలిపెట్టిన అమ్మాయిగా చూపించింది.

రమతులాయ్ విడాకులు అడగలేదు. దీన్ చెప్పిన ప్రకారం ఇద్దరి మధ్యా సమానంగా పంపకం ఉంటుందని మనసును సిద్ధం చేసుకుంది. భర్త మళ్లీ గడప తొక్కలేదు. అతను చనిపోయాక మీరాస్ పంపకం వచ్చింది. సెనెగల్‌వాళ్లూ దాన్ని మిరాస్ అనే అంటారు. మన పల్లెల్లో మిరాసీ అన్న మాట కూడా ఆ అరబీ మూలం నుంచి వచ్చిందే. ఆ లెక్కల్లో బయటపడింది, ఇద్దరి కష్టంతో కట్టుకున్న ఇంటిని తాకట్టుపెట్టి కొత్త భార్యకు ఇల్లు కొన్నాడని.

నలభయ్యో రోజు దాటాక బావగారు వచ్చి, తమ్ముడి భార్యను నేను చేసుకుంటానని తేల్చేశాడు. అడగను కూడా లేదు. అన్నేళ్లు నోరు విప్పని రమతులాయ్ అప్పుడు అందరి ముందు మాట్లాడింది, కుదరదని చెప్పింది. తర్వాత ఆమెను మనస్ఫూర్తిగా ఇష్టపడిన ఒక డాక్టర్ పెళ్లి ప్రస్తావన తెచ్చాడు. మంచివాడు. కానీ అతనికి ఇంట్లో భార్య ఉంది. తాను పడ్డ బాధ మరో ఆడదానికి పెట్టలేనని దాన్నీ వద్దంది.

స్నేహితురాలు ఐసాతుది వేరే దారి. ఆమె కంసాలి కూతురు. కులం తక్కువని అత్తగారు కొడుక్కి మరో పెళ్లి చేయించింది. ముస్లిం సమాజంలో కులం ఏమిటన్న ప్రశ్న మనకూ కొత్తది కాదు. ఐసాతు పిల్లల్ని తీసుకుని బయటికి నడిచింది, చదువుకుంది, ఉద్యోగం సంపాదించింది. ఉండిపోయిన స్త్రీని గానీ, వెళ్లిపోయిన స్త్రీని గానీ రచయిత్రి తప్పుపట్టలేదు. తాను విడాకులు తీసుకున్నా, తీసుకోని స్త్రీ చేత కథ చెప్పించింది. రమతులాయ్ చివరిదాకా నమాజు వదలదు, నమ్మకం వదలదు. ఆమె నిలదీసింది దీన్‌ను కాదు. అందులోని అనుమతిని పట్టుకుని, న్యాయం చేయాలన్న షరతును వదిలేసిన మగవాళ్లను.

1980లో ఆఫ్రికాలో అచ్చయ్యే పుస్తకాల కోసం కొత్తగా పెట్టిన నోమా బహుమతి ఈ నవలకే మొదట దక్కింది. మరుసటి ఏడాదే ఇంగ్లీషులోకి వచ్చింది, తర్వాత మరెన్నో భాషల్లోకి వెళ్లింది. అప్పటికే మరియామాకు క్యాన్సర్. 1981 ఆగస్టులో డాకర్‌లో చనిపోయింది. ఆమె రెండో నవల ఆమె పోయాకే వచ్చింది. ఫ్రెంచి అమ్మాయిని పెళ్లాడి, ఆమెకు తెలియకుండా మరో పెళ్లి చేసుకున్న సెనెగల్ యువకుడి కథ అది.

డాకర్ ఎదురుగా సముద్రంలో గోరే అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు బానిసల వ్యాపారం సాగిన చోటు. ఇప్పుడు అక్కడ ఆడపిల్లల హాస్టల్ స్కూలు నడుస్తోంది. ప్రవేశ పరీక్షలో బాగా రాసిన పిల్లలకే అందులో సీటు. ఆ స్కూలు పేరు మరియామా బా. ప్రాథమిక చదువుతో ఆగిపోవాల్సిన పిల్ల పేరున్న బడి కోసం ఈరోజు దేశం నలుమూలల నుంచి ఆడపిల్లలు పోటీపడుతున్నారు.