కాటన్ దొర కార్యదక్షత

మహాకార్యమును తలపెట్టినవాని సామర్థ్యము పని ముగిసిన నాడు గాక, అతడు దగ్గర లేని నాడు తెలియును. సర్ ఆర్థర్ కాటన్ జీవితము ఇందుకు మంచి నిదర్శనము. పరప్రభుత్వపు ఉద్యోగి యగుటచేత నాతని గుణములను గ్రహింపకుండుట మాకు సమ్మతము గాదు. గుణములను గ్రహించితిమని యా ప్రభుత్వపు దోషములను మఱచుటయు సమ్మతము గాదు.

1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించిన కాటన్ 1821లో మద్రాసు ఇంజనీరుగా మన దేశమునకు వచ్చెను. కావేరీ, కొల్లిడములపై పనిచేయుచు, చోళులు ఇసుకపై రాళ్లతో నిలిపిన కల్లణై కట్టుబడిని శ్రద్ధతో పరిశీలించెను. గట్టినేల దొరకనిచోటను ఆనకట్ట నిలుచునని ఈ దేశపు పూర్వులే తనకు నేర్పిరని దాపఱికము లేక యంగీకరించెను. అధికారియయ్యు శిష్యుడగుటకు సిగ్గుపడకపోవుట యాతని మొదటి గుణము.

1833 నాటి డొక్కల కరవు గుంటూరు సీమను పాడుపెట్టెను. 1839లో తుపాను గోదావరీతీరమును ముంచెను. జీవనది పొలము ప్రక్కనే పాఱి సముద్రమున గలియుచుండ జనులు తిండిలేక వలసపోవుచుండిరి. కాటన్ 1844 మొదలుకొని యీ దుఃస్థితిని నివేదికలలో దొరతనమువారికి దెలిపెను. జనుల యాకలిని వినని చెవులు ఆదాయపు లెక్కను వినునని యెఱిగి, శిస్తు ఎట్లు పెరుగునో గూడ చూపెను. కంపెనీవారిని కదలించినది కరుణకన్న లాభమే యనుట చరిత్రకు న్యాయము.

1847లో ధవళేశ్వరమున పని యారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదిని కట్టవలెను. అడిగినంతమంది అధికారులు గాని మేస్త్రీలు గాని యాతనికి దొరకలేదు. దొరికిన కుఱ్ఱవారికే పని నేర్పెను. రాతికొండ ప్రక్కనే పనిస్థలమును ఎన్నుకొని, రాళ్లను పట్టాలపై నడపించెను. వేలకొలది కూలీలను సమకూర్చి నడపుటలో మనవాడైన వీణెం వీరన్న ఆతనికి కుడిభుజమయ్యెను. 1848లో ఆరోగ్యము చెడి కాటన్ సెలవుపై ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. కెప్టెన్ ఓర్ చేతిలో పని యాగలేదు. కాటన్ 1850లో తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ వెంటనే ఆతనివద్ద తరిఫీదుపొందిన హేగ్ అను యువకుడు గన్నవరమున 49 కమానుల కాలువవంతెనను కట్టి కోనసీమకు నీరు దెచ్చెను.

ఆ హేగ్‌కే తరువాత భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెపు పని అప్పగింపబడెను. గోదావరిమీదుగా దేశపు నడిగడ్డవఱకు పడవలు నడపవలెనని కాటన్ సంకల్పము. నిజాము 1860లో ఎడమగట్టును ఇంగ్లీషువారికి విడిచిన పిమ్మట ఆనకట్టయు, లాకులతోగూడిన కాలువయు నిర్మింపబడినవి. నాయకుడు సమర్థుడే, గురువును సమర్థుడే. అయినను మన్యపు జ్వరము పనివారిని పడగొట్టెను, కూలీలు దొరకుట కష్టమయ్యెను, వ్యయము పెరిగెను. 1871లో ప్రభుత్వము పనిని మానిపించెను. ధవళేశ్వరమున నీటికై ఎదురుచూచు రైతులుండిరి. దుమ్ముగూడెమున పడవదారి దూరపు వర్తకమునకే గాని ఒడ్డునున్న కోయలకు గాదు. ఎవరి కక్కఱ తీరునో వారు చేయివేయని పనిని ఎంతటి ప్రజ్ఞావంతుడును చివరివఱకు మోయజాలడని మేము తలచెదము.

కాటన్ తన పట్టు విడువలేదు. 1878లో డెబ్బదియైదేండ్ల వయస్సున పార్లమెంటు సంఘము నెదుట ఈ దేశమునకు రైళ్లకన్న కాలువలే ముఖ్యమని వాదించెను. 1899 జులై 24న కీర్తిశేషుడయ్యెను. ధవళేశ్వరమున పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బారేజికి ఆతని పేరే పెట్టబడినది.

నేడు కట్టువారు మనవారే. 2014లో పోలవరము ముంపు నిమిత్తము భద్రాచలపు పరిసరములలోని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో జేర్పబడినవి. డెల్టాకు నీరిచ్చు పని యడవివాని గూటిని ముంచునప్పుడు, వానికి న్యాయము చేయుటయు ఆ పనిలో భాగమే. మిగిలిన డబ్బుతో చేయు దానము కాదు. పనివారిని తీర్చిదిద్దుట, పనిస్థలమున నుండుట, ఎదిరి విద్యను గౌరవించుట కాటన్ వద్ద నేర్వదగినవి. కట్టకముందే కోయవాని గుమ్మమునకు బోయి యడుగుట ఆతని దొరతనము మనకు నేర్పని పాఠము. దానిని మనమే నేర్వవలెను.