కచేరీలో మంచినీళ్ల కుండ





ఈ చిన్న పుస్తకం మన ఇందుకూరుపేట మండలంలో కుర్చీలో కూర్చుని పని చేసేవాళ్ల కోసం. సచివాలయంలో, బ్యాంకులో, సొసైటీలో, రొయ్యల మేత అమ్మేచోట లెక్కలు రాసే గదిలో, పొద్దున వెళ్లి చీకటి పడేదాకా కంప్యూటరు ముందు ఉండే మీ కోసం. పనిలో ప్రమాదం అనగానే మనకు రొయ్యల గుంట దగ్గర తడి చేతులతో కరెంటు మోటారు ముట్టుకోవడం, మైపాడు తీరాన పడవ తిరగబడడం గుర్తొస్తాయి. ఫ్యాను కింద కూర్చునే వాడికి ప్రమాదమేంటి అంటారు మనవాళ్లు.

నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఆఫీసులో నాలుగేళ్లు గుమాస్తా పని చేశాను, పేరు ఎందుకులెండి. అక్కడ మరుగుదొడ్డి తాళంచెవి పెద్దాయన సొరుగులో ఉండేది. ప్రతిసారీ వెళ్లి అడగాలంటే సిగ్గు. అందుకని నీళ్లు తాగడం తగ్గించేశాను. నాతో పని చేసిన ఆడపిల్లలైతే పొద్దున ఇంట్లో తాగిన గ్లాసుడు నీళ్లే, మళ్లీ ఇంటికెళ్లాకే తాగేవాళ్లు. నాకు కిడ్నీలో రాయి పడింది. మంచం మీద ఉన్న రోజుల్లో బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితం మళ్లీ చదివాను. ఎన్నోసార్లు చదివిన కథే గానీ, ఆసారి నా కన్ను నీళ్ల దగ్గరే ఆగింది. ఆ కన్నుతోనే మీకు ఆయన జీవితం చెబుతాను.

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మవ్‌లో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. సతారా బళ్లో ఆ పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. దాహం వేస్తే కుళాయి ముట్టుకోకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి. బంట్రోతు రాకపోతే ఆ రోజుకి దాహంతోనే ఇంటికి. ఇది మీకు తెలిసిందే. దీని తర్వాతి భాగం చాలామందికి అంతగా తెలియదు.

బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన 1913లో అమెరికా వెళ్లి కొలంబియాలో చదివారు, అక్కణ్ణించి లండన్ వెళ్లారు. ఒప్పందం ప్రకారం 1917లో తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఈ దేశంలో అంత చదువు చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ కచేరీలో ఏం జరిగిందో చూడండి. కింది ఉద్యోగులు ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరేవారు. ఆయన నడిచే దారిలో తివాచీ చుట్టేసేవారు. తాగడానికి నీళ్లు ఉండేవి కావు. ఉండేందుకు ఇల్లు దొరక్క ఒక పార్సీ సత్రంలో వేరే పేరుతో దిగితే, సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఊళ్లో ఒక తోటలో చెట్టు కింద సాయంత్రం దాకా కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్లిపోయారు.

మరుసటి ఏడాది బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ఆచార్యుడయ్యారు. పిల్లలు ఆయన పాఠం కోసం ఎగబడేవారు. ఉపాధ్యాయుల గదిలో మాత్రం కొందరు తోటి ఆచార్యులకి మంచినీళ్ల కుండ దగ్గర ఆయన అభ్యంతరమయ్యారు. మళ్లీ కుండే! బళ్లో, కచేరీలో, కాలేజీలో అదే. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారంటే, అది ఊరి చెరువు సంగతి ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యలో చాలా ఉంది, త్వరగా చెప్పేస్తాను. 1928లో బొంబాయి శాసన మండలిలో, కార్మిక స్త్రీలకు ప్రసూతి సమయంలో సెలవు, భత్యం ఇవ్వాలనే బిల్లును ఆయన సమర్థించారు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938 నవంబరులో కార్మికుల సమ్మె హక్కు కోసం బొంబాయిలో జరిగిన సమ్మెలో ముందు నిలిచారు.

1942 జులైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఇప్పటి లెక్కలో కేంద్ర కార్మిక మంత్రి అనుకోండి. నాలుగేళ్లు ఆ పదవిలో ఉన్నారు. ఇక్కడ ఒక మాట. ఏటా ఏప్రిల్ 14 రాగానే మన ఫోన్లలో ఒక మెసేజీ తిరుగుతుంది, 14 గంటల పనిని బాబాసాహెబ్ 1942లో 8 గంటలు చేశారని. మనవాళ్లు ప్రేమతోనే పంపుతారు. కానీ అది అలా జరగలేదు. 1934 చట్టం ప్రకారం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో అప్పటికే రోజుకి 10 గంటలు, వారానికి 54 గంటల హద్దు ఉంది. 1946లో ఆయన తెచ్చిన సవరణతో అది రోజుకి 9, వారానికి 48 అయింది. వారానికి 6 గంటలు తగ్గాయి. ఆరు గంటలంటే చిన్నదేం కాదు, మగ్గం దగ్గర నిలబడేవాణ్ణి అడగండి. అంతకు ముందు ఏడాది, 1945లో, జీతంతో కూడిన సెలవు చట్టంలోకి వచ్చింది. ఆయన చేసింది ఉన్నదున్నట్టు చెప్పుకున్నా ఆయన తక్కువైపోరు. అబద్ధం ఆడకుండా ఉండడం మనం తీసుకున్న పంచశీలలో నాలుగోది కదా.

ఇంకో సంగతి కూడా దాచను. 1943లో, యుద్ధానికి బొగ్గు చాలడం లేదని, ఆడవాళ్లు భూమి కింద పని చేయకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. కార్మిక శాఖ ఆయనదే. సభలో నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చిందీ ఆయనే. ఆ డిసెంబరులో జరియా ప్రాంతానికి వెళ్లి స్వయంగా గనిలోకి దిగి చూశారు. గని స్త్రీల ప్రసూతి భత్యం చట్టాన్ని సవరించారు, 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చింది 1946 ఫిబ్రవరిలో. ఆ మధ్య రెండున్నరేళ్లు ఆడవాళ్లు కిందికి దిగారు. నాకైతే ఇది చదవడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇక మన జిల్లా సంగతి. 1946 ఏప్రిల్‌లో ఆయన అభ్రకం గని కార్మికుల సంక్షేమ నిధి బిల్లును సభ ముందు పెట్టారు. దేశంలో అభ్రకం ఎక్కువగా దొరికేది రెండు మూడు చోట్లే, బీహార్ వైపు, రాజస్థాన్ వైపు, తర్వాత మన నెల్లూరు. గూడూరు, సైదాపురం, కలిచేడు దిక్కున మీ తాతల్లోనో అమ్మమ్మల్లోనో ఎవరో ఒకరు ఆ పని చేసే ఉంటారు. గనిలో రాయి తొలిచే మగవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకునేది. పైన కొట్టాల్లో ఆడవాళ్లు నేల మీద చతికిలబడి, పొద్దస్తమానం అభ్రకం పొరలు విప్పి, అంచులు కోసేవారు. ఒంగిన మెడ, కదలని నడుము, కళ్లకి దగ్గరగా పెట్టుకున్న మెరిసే రేకు. ఇప్పుడు మీ బల్ల మీద ఉన్నదీ మెరిసే పలకే, మెడ కూడా అలాగే ఒంగింది. విదేశాలకు పోయే అభ్రకం మీద సుంకం వేసి, ఆ డబ్బుతో కార్మికులకి వైద్యం, చదువు, ఇళ్లు, నీటి వసతి కల్పించాలని ఆ చట్టం చెప్పింది. ఆ నిధితోనే తర్వాత కలిచేడులో కార్మికుల ఆసుపత్రి నడిచింది. బరోడా కచేరీలో దాహంతో కూర్చున్న మనిషి, అభ్రకం గనుల్లో పనిచేసేవాళ్లకి నీళ్లు ఏర్పాటు చేయమని చట్టంలో రాయించారు.

ధమ్మంలో ఇది కొత్త సంగతి కాదు. వినయ పిటకంలో ఒక చోటు ఉంది, ఆఫీసు ఉద్యోగులందరూ చదవాలి. వైశాలిలో భిక్షువులు మంచి భోజనాలు చేసి జబ్బు పడ్డారు. వైద్యుడు జీవకుడు అది చూసి బుద్ధ భగవానుడికి చెప్పాడు, వీళ్లకి నడవడానికి ఒక బాట కావాలని. భగవానుడు ఒప్పుకున్నారు. దాన్నే చంక్రమణం అంటాం. అక్కడితో అయిపోలేదు. బాట ఎగుడుదిగుడుగా ఉండి కాళ్లు నొచ్చాయి, చదును చేయమన్నారు. వానకి మునిగింది, ఎత్తుగా కట్టమన్నారు. ఎక్కలేకపోతే మెట్లు. నడుస్తూ నడుస్తూ కింద పడిపోతే చుట్టూ పిట్టగోడ. ఎండకీ చలికీ పైన కప్పు. పడ్డవాణ్ణి చూసి నీకు ఎరుక లేదని తిట్టలేదు, గోడ కట్టించారు. మన ఆఫీసుల్లో ఎవరైనా తడి నేల మీద జారితే ముందు వినిపించేది చూసుకుని నడవాలి కదా అన్న మాటే.

బాబాసాహెబ్ మాత్రం తన ఒంటి విషయంలో ఆ గోడ కట్టుకోలేదు. చిన్నప్పటి నుంచి రాత్రుళ్లు తెల్లవారేదాకా చదువు. తిండికీ నిద్రకీ వేళ లేదు. రాజ్యాంగం రాసే నాటికి చక్కెర జబ్బు ముదిరింది, కాళ్లలో నరాల నొప్పి, నిద్ర పట్టేది కాదు. 1948 ఏప్రిల్ 15న డాక్టర్ శారదా కబీర్‌ను వివాహం చేసుకున్నారు. సవితగా మారిన ఆమె ఇన్సులిన్, పథ్యం చూసుకుంటూ వచ్చారు. 1951 సెప్టెంబరులో న్యాయ మంత్రి పదవికి రాజీనామా చేశాక కూడా బల్ల ముందు నుంచి లేచింది తక్కువ. అంత పని ఎవరి కోసమో మనకి తెలుసు, అందుకే తప్పు పట్టడానికి నోరు రాదు. అయినా ఆయన ఇంకో పదేళ్లు ఉండి ఉంటే అని ఏ డిసెంబరులో అనుకోలేదు మనం?

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి ధమ్మ దీక్ష తీసుకున్నప్పుడు ఆయనకి నిలబడడానికి చేతికర్ర కావాల్సి వచ్చింది. నవంబరులో ఖాట్మండు వెళ్లి ప్రపంచ బౌద్ధుల సభలో మాట్లాడి వచ్చారు. ఢిల్లీలో అలీపూర్ రోడ్డు 26వ నంబరు ఇంట్లో బుద్ధుడు, ఆయన ధమ్మం గ్రంథం చివరి పని జరుగుతోంది. టైపు చేసేది నానక్ చంద్ రత్తు. ఆయనా మీలాంటి ఆఫీసు ఉద్యోగే. పగలు ప్రభుత్వ కచేరీలో పని ముగించుకుని, సాయంత్రం వచ్చి రాత్రి పొద్దుపోయేదాకా బాబాసాహెబ్ కాగితాలు టైపు చేసి ఇంటికెళ్లేవారు. డిసెంబరు 5 రాత్రి కూడా ఆలస్యంగానే వెళ్లారు. గ్రంథం ముందుమాట కాగితాలు బాబాసాహెబ్ మంచం పక్కన పెట్టించుకున్నారు, పడుకునే ముందు చూద్దామని. ఆ రాత్రి నిద్రలోనే ఆయన పరినిర్వాణం పొందారు. వయసు 65.

గ్రంథం 1957లో అచ్చయింది. ఆ ముందుమాట అందులో లేదు.