అర్జీలో చెప్పదగినదేది? డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కన కూర్చుంటాయి. 'అర్జీ' అన్న మాట ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి మన పల్లెల్లో స్థిరపడింది. దాని మూలంలో ఉన్న భావం ముందుంచడం. 'విన్నపం' అన్న తెలుగు మాట 'విజ్ఞాపన' నుండి పుట్టింది. దాని భావం తెలియజేయడం. ఈ రెండింటిలోనూ దేబిరించడం లేదు, డాబు చూపడమూ లేదు. ఉన్నదానిని ఎదుటివారి ముందుంచడమే ఉన్నది.

ఈ మాటల ప్రస్తావన ఎందుకో మనవి చేస్తాము. మన దేశంలో వైద్యవిద్యా ప్రవేశానికి నీట్ పరీక్షలోని ర్యాంకే ప్రమాణం. విదేశాలలో అది చాలదు. బ్రిటన్ లోని వైద్య కళాశాలలకు దరఖాస్తు పెట్టేవారు తమను గురించి తామే ఒక వివరణ వ్రాయాలి. అది మొత్తం 4000 అక్షరాలకు మించరాదు. 2026 ప్రవేశాల నుండి దానిని మూడు ప్రశ్నలుగా విభజించారు. ఈ చదువు ఎందుకు కోరుతున్నావు? నీ చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది? చదువుకు వెలుపల నీవు చేసిన పనులేవి? ఇటువంటి వివరణలను దిద్దిపెట్టమని కొందరు విద్యార్థులు మా వద్దకు వస్తుంటారు. భాష దిద్దడం మాకు కష్టం కాదు. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్నదే కష్టం. గట్టు ప్రాంతపు బిడ్డ ఒకరు, సెలవుల్లో సీడు పత్తి చేలల్లో పూలు క్రాసింగు చేసిన సంగతి వ్రాసి, సిగ్గుపడి కొట్టివేశారు. ఆ కొట్టివేత మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆ ఆలోచనలో మాకు గుర్తుకు వచ్చిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం విడవవలసివచ్చింది. ఇంటిని దారిద్ర్యం ఆవరించింది. బాలుడు చదువులో చురుకైనవాడేమీ కాదు. ఒకసారి ఇల్లు విడిచి కాశీకి పోయి అరటిపండ్లు అమ్ముకుని ధనం గడించాలని బయలుదేరితే, తల్లి వెంకమ్మ వెనక్కు రప్పించారని చెబుతారు. మెట్రిక్యులేషనులో రెండు పర్యాయాలు తప్పి, మూడవ పర్యాయం మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించేనాటికి ఆయన మనస్సు సన్యాసం వైపు మొగ్గింది. తల్లి అందుకు సమ్మతించలేదు. ఆయన వైద్యం వైపు మళ్లి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఖర్చులకు ఆదుకున్నారు. 1919లో వారి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది.

ఆ రోజుల్లోనే ఆ ఇంటిపై పిడుగు పడింది. స్ప్రూ అనే రోగంతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో కన్నుమూశారు. తిన్న ఆహారం ఒంట పట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. దానికి ఆనాటి వైద్యుల వద్ద మందు లేదు.

ఇక కళాశాలలో మరొక పరీక్ష ఎదురయింది. గాంధీజీ పిలుపు నందుకుని సుబ్బారావు ఖద్దరు వస్త్రంతోనే శస్త్రచికిత్సా తరగతికి హాజరయ్యారు. శస్త్రవైద్య ఆచార్యుడు బ్రాడ్ఫీల్డుకు ఆగ్రహం కలిగింది. ఫలితంగా వ్రాత పరీక్షలలో బాగుగా వ్రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటకు వచ్చారు. మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశానికి చేసిన యత్నం నెరవేరలేదు. డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

ఈ స్థితిలో ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగానికి వెళ్ల సంకల్పించారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు ధనసహాయం చేశారు. 1920ల తొలి సంవత్సరాలలో ఆయన బోస్టను చేరారు. ఇచ్చటి ఎల్.ఎం.ఎస్. పట్టాకు అచ్చట వైద్యుడిగా గౌరవం లేదు. రాత్రివేళ ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరి, పగలు చదువుకున్నారు. విడిచివెళ్లిన భార్యను ఆయన మళ్లీ చూడలేదు. స్వదేశానికి తిరిగిరానూ లేదు.

ఈ జీవితాన్ని ఆ మూడు ప్రశ్నల ముందు నిలిపి చూద్దాము. ఎందుకు కోరుతున్నావంటే, సోదరుల మరణం ఉన్నది. చదువెలా సాగిందంటే, మూడు మెట్రిక్యులేషన్లు, ఒక చిన్నపట్టా ఉన్నవి. వెలుపల ఏమి చేశావంటే, మలపాత్రలు కడిగిన రాత్రులున్నవి. నేటి విద్యార్థి అయితే మొదటిదానిని కన్నీటితో నింపి, రెండవదానిని దాచి, మూడవదానిని కొట్టివేసి ఉండేవాడు. పరిశోధకుడైన సుబ్బారావును తయారుచేసినవి మాత్రం ఆ మూడే. తప్పినా తిరిగి కూర్చునే ఓపిక మొదటి వైఫల్యాలలో అలవడింది. రోగిని అసహ్యించుకోని చేయి ఆస్పత్రి రాత్రులలో తయారయింది. సోదరుల మరణం ఆయన చేతిలో పరిశోధనగా మారింది.

1925లో సైరస్ ఫిస్కెతో కలసి, రక్తంలోను మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. వారిద్దరి పేర్లతోనే ఆ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి ప్రవేశించింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ ను, 1929లో ఎ.టి.పి. అనే శక్తిద్రవ్యాన్ని వెలికితీశారు. జీవకణం శక్తిని ఏ రూపంలో వినియోగిస్తుందో తెలుసుకోవడానికి ఇవి పునాదులయ్యాయి. 1930లో పిహెచ్.డి. పొందారు. హార్వర్డు మాత్రం ఆయనకు శాశ్వతమైన స్థానం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ లో ఉన్న లెడర్లే ప్రయోగశాలల్లో చేరి, అనంతరం పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నాయకత్వంలో అక్కడి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించారు. ఆనాడు సోదరులను బలిగొన్న స్ప్రూ రోగానికి ఆ మందు పనిచేసింది. నేడు గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ ఆస్పత్రులలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. దానికి విరుద్ధంగా పనిచేసే అమినాప్టెరిన్ ను అదే బృందం తయారుచేయగా, బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పసిబిడ్డలకు వాడి, 1948లో ఫలితాలను ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, క్యాన్సరుకు మందుతో చికిత్స అన్న మార్గంలో అది తొలి అడుగులలో ఒకటి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజిన్ కూడ ఆయన బృందపు కృషియే. ప్రభుత్వం ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రలలో నేటికీ అది ఉన్నది. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకౌషధాన్ని ఆ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ వెలికితీశారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో, ఆయన నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. ఆయన తన పేరును ప్రచారం చేసుకొనలేదు. తన బృందంలోనివారికి ఘనత దక్కనిచ్చి వెనుక నిలిచారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని దాటవేయడం మాకు ఇష్టం లేదు. వినయం గొప్పదే, కాని ఆ మౌనం వల్ల ఆయన పేరు చాలకాలం స్వదేశపు పల్లెలకు కూడ చేరలేదు. మందు మన ఇండ్లకు చేరింది, మనిషి చేరలేదు. కాబట్టి దరఖాస్తు వ్రాసే విద్యార్థి ఆయన వలె పూర్తిగా మౌనం వహించకూడదు. చదివేవాడు నిన్ను ఎరుగడు. నీవు చెప్పనిది అతనికి తెలియదు. అయితే చెప్పేది నీవు చేసినదై ఉండాలి. నాయకులతో దిగిన ఫొటోలు, మామయ్య ఆస్పత్రిలో రెండు రోజులు నిలబడినది, ఇతరుల నుండి అరువు తెచ్చిన ఆశయాలు అక్కరలేదు. మరణం గురించి వ్రాయవలసి వస్తే ఒక వాక్యం చాలు. ఆ దుఃఖం తరువాత నీవు ఏమి నేర్చుకున్నావో, ఏమి చేశావో దానికి నాలుగు వాక్యాలివ్వు. పరీక్ష తప్పితే తప్పానని చెప్పి, తిరిగి ఎలా నిలబడ్డావో చెప్పు. పత్తి చేనులో పని చేసి ఉంటే దానిని కొట్టివేయకు. ఎండలో ఉదయం నుండి ఒక్కొక్క పువ్వును విప్పి, తప్పు లేకుండా పుప్పొడి అద్దిన చేతికి ఓర్పు, సూక్ష్మదృష్టి ఉంటాయి. వైద్యునికి కావలసినవి అవే గదా!

మగ్గం మీద జరీ అంచు నేసే ఇంటి బిడ్డలు, రాతినేలను దున్నే ఇంటి బిడ్డలు మన తరగతుల్లో ఉన్నారు. వారి జీవితంలో చెప్పదగినది లేదని మేము ఒప్పుకోము. ఆ విద్యార్థి కొట్టివేసిన వాక్యాన్ని మేము మళ్లీ యథాస్థానంలో ఉంచమన్నాము. ఫలితం ఏమవుతుందో మేము చెప్పలేము. కాగితంపైన ఉన్నది మాత్రం నిజమైన అర్జీ.